దండెం యుద్ధం, రెండు కాపీల సంధి

ఆ రోజు ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు డబ్బా కట్టి పంపాలి. చంటివాడికి స్నానం చేయించి పడుకోబెట్టాలి. అత్తగారి దగ్గర ఒక కాగితం తీసుకోవాలి, మేడమీదికి వెళ్ళి పెద్దత్తగారి దగ్గర ఇంకో కాగితం తీసుకోవాలి, రెండూ కూతురి సంచిలో పెట్టి బడికి పంపెయ్యాలి. పాలు పొంగేలోపు అయిపోయే పని అనుకుంది. అనుకోవడానికేం, అడ్డెవరు?

ఈ కాగితాల పని తెచ్చింది కూతురు. ఏడో తరగతి చదువుతోంది. ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలుస్తారు. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది. బళ్ళో సోషల్ టీచరు యుద్ధం ముగింపు గురించిన పాఠం మొదలుపెడుతూనే అందరి చేతా పుస్తకాలు మూయించారట. బల్లల మీద పాత కాగితాల నకళ్ళు పరిచారట. కాల్పులు ఆపమని పైనుంచి వచ్చిన టెలిగ్రాము ఒకటి. అదే రోజు ఒక సిపాయి ఇంటికి రాసుకున్న కార్డు ఒకటి: "అయిపోయిందంటున్నారు, నేను నమ్మలేదు, మేజోళ్ళు తడిసిపోయాయి" అని. రెండు దేశాల పత్రికలు, రెండింటిలోనూ గెలిచింది మనమే అని. "నేను పాఠం చెప్పను, కాగితాలు చెప్తాయి, మీరు వినండి" అన్నారట టీచరు.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఇంటిపని ఇచ్చారు. ఎవరింట్లోనైనా ఒక తగువు జరిగి, అది ముగిసిపోయి ఉంటే, దాని ముగింపు గురించి ఆనాటి కాగితాలు పట్టుకురావాలి. రెండు పక్షాలవీ ఉండాలి. మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ముందు సంధికి వచ్చిందెవరు? ఎందుకు వచ్చారు? సంతకాలయ్యాక యుద్ధం నిజంగా ఆగిందా? వారం చివర్లో తల్లిదండ్రుల ముందు ప్రదర్శన.

"అమ్మా, ఇది నువ్వే చెయ్యాలి" అంది పిడుగు.

ఆ మాట కోసం కోడలు ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తోందో ఆమెకే తెలుసు. ఆమె చదువు తొమ్మిదో తరగతి నడుమ ఆగిపోయింది. కూతురు ఆరులోకి వచ్చినప్పటి నుంచి ఏ లెక్క అడగబోయినా, మధ్యలోనే ఆగి "నీకు రాదులే, నాన్నని అడుగుతా" అనడం మొదలుపెట్టింది. నాన్న కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో ఉన్నాడు. పుస్తకం చేయి చాచి దూరంగా పట్టుకుని, "ఆలోచిద్దాం" అని, ఆలోచిస్తూనే నిద్రపోతాడు. అయినా ఆ పిల్ల ఆయన దగ్గరికే వెళ్తుంది. నిద్రపోయే నాన్నకున్న విలువ మేలుకుని కూర్చున్న అమ్మకు లేకపోవడం కోడలికి గుండెలో ముల్లులా ఉంది. అందుకే ఈసారి గట్టిగా అనుకుంది, దీన్ని వేలెత్తి చూపించే వీలు లేకుండా చేసిపెట్టాలని.

తగువుకు ఆ ఇంట్లో కరువు లేదు. కోడలు కాపురానికి రాకముందు ఇక్కడ దండెం యుద్ధం జరిగింది. డాబా మీద రెండు దండేలు. ఒకదానికి పొద్దున్నించీ ఎండ, ఇంకోదానికి నీళ్ళ ట్యాంకు నీడ. ఎండ దండెం ఎవరిదన్న విషయంలో కింద ఉండే అత్తగారూ, మేడమీద ఉండే ఆవిడ తోటికోడలు పెద్దత్తగారూ మాట్లాడుకోవడం మానేశారు. రెండు వేసవులు గడిచాక అది ముగిసింది. మామూలుగా కాదు, రాతపూర్వకంగా. ఎందుకంటే మామగారు దస్తావేజులు రాసే పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. కొట్టివేతలూ దిద్దుబాట్లూ లేని రాత అని ఊళ్ళో పేరు. ఆయన షరతులు వేసి, రెండు కాపీలు రాసి, చెరొకటి ఇచ్చారు.

"అత్తయ్యా, అప్పట్లో మామయ్య రాసిన ఒప్పందం ఉందా మీ దగ్గర? పిడుగు బడికి కావాలట" అంది కోడలు.

అత్తగారి ముఖం వెలిగింది. "ఉండకేం? అలాంటివి ఎవరైనా పారేస్తారా?" అంటూ దుప్పట్ల అడుగున కలరా ఉండల మధ్య నుంచి ఒక కాగితం తీశారు. కళ్ళజోడు పెట్టుకుని, చూడకుండానే చదివారు. "'దండెం విషయమై ఏర్పడిన విభేదాల దృష్ట్యా, మేడ భాగము వారు తామే ముందుగా వచ్చి పలకరించినందున, కింది భాగము వారు పెద్దమనసుతో అంగీకరించి...' విన్నావా? తామే ముందుగా. ఆ మాట కింద గీత గియ్యవే పిడుగూ."

"నానమ్మా, ముందు ఎవరు పలకరించారన్న మాట ఇకమీదట ఎవరూ ఎత్తరాదని నాలుగో షరతులో ఉంది."

"నేనెత్తానా? కాగితం ఎత్తింది."

పిడుగు ఆ వాక్యాన్ని తన పుస్తకంలో ఎక్కించుకుంది. కోడలికి తృప్తిగా అనిపించింది. సగం పని అయింది, పాలు ఇంకా పొంగలేదు. అత్తగారి కాగితాన్ని బల్ల మీద బరువు కింద పెట్టి, చంటివాణ్ణి చంకనేసుకుని, కోడలు పిడుగుతో మెట్లెక్కింది.

పెద్దత్తగారు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక కూడా మేడ భాగంలోనే ఒంటరిగా, వార్డంత శుభ్రంగా ఉంటున్నారు. ఆవిడ కాపీ కలరా ఉండల మధ్య లేదు. లామినేషన్ చేయించి, థర్మామీటరు పక్కన పెట్టుకున్నారు.

"గట్టిగా చదువు" అని పిడుగు చేతికిచ్చారు. "బడిలో ఎలా చదువుతావో అలా."

పిడుగు గొంతు సవరించుకుంది. "'దండెం విషయమై ఏర్పడిన విభేదాల దృష్ట్యా, కింది భాగము వారు తామే ముందుగా వచ్చి పలకరించినందున, మేడ భాగము వారు పెద్దమనసుతో...' అమ్మా, ఇందులో తిరగేసి ఉంది."

కోడలు కూతురి భుజం గిల్లింది. గిల్లినకొద్దీ స్పష్టంగా మాట్లాడే పిల్ల అది.

"తిరగేసి ఏంటే?" అన్నారు పెద్దత్తగారు.

"ఏం లేదు పెద్దత్తయ్యా. దానికి ఈ మధ్య కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు. వాళ్ళ నాన్నకి చూపించాలి."

"కళ్ళ సంగతి సరే. మీ కాపీ ఏది? రెండూ పక్కపక్కన పెట్టి రాసుకోవాలిగా."

కింద బల్ల మీద ఉందని చెప్తే తెమ్మంటారు. తెస్తే కొంప మునుగుతుంది. ఆలోచించడానికి తీరిక లేనప్పుడు మనిషి నోటికి ఏదొస్తే అదే అంటుంది. "చెదలు పట్టేశాయి పెద్దత్తయ్యా" అంది కోడలు.

ఒక అబద్ధం వెయ్యి తగువులు తీరుస్తుందంటారు. ఇది ఆ కోవకు చెందింది కాదు. పెద్దత్తగారు లేచి మెట్ల కడ్డీ దగ్గరికి వెళ్ళి కిందికి వంగారు. "ఏమే, వినపడుతోందా? నేనేమో నా కాపీ గుండెలకి హత్తుకుని దాచుకున్నాను. నువ్వు చెదలకి మేపావట."

"ఎవరక్కా అన్నది? నా కాగితం నిక్షేపంలా ఉంటేను" అని కిందినుంచి జవాబొచ్చింది. దాని వెనకే అత్తగారూ వచ్చారు. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా మెట్లవైపు చూడని మనిషి, కాగితం జెండాలా పట్టుకుని, ఆగకుండా పైకొచ్చేశారు. నడిమెట్టు దగ్గరున్న చిన్న అరుగు మీద రెండు కాగితాలూ ఎదురుబొదురుగా నిలబడ్డాయి.

ఇద్దరూ రెండు కాగితాలూ చదివారు. పిడుగు పెన్సిలు రాసుకుపోతూనే ఉంది.

"మార్చావు" అన్నారు పెద్దత్తగారు.

"నేనా? లోపలికి గాలి కూడా దూరకుండా ప్లాస్టిక్కు వేయించుకున్నది నువ్వు. దాచేదేం లేకపోతే అంత కట్టుదిట్టం ఎందుకక్కా?"

"అక్షరాలు మీ ఆయనవి. ఆయన నీ మొగుడు, నీ ఇంట్లో, నీ పక్కన కూర్చుని రాశాడు."

"నాకు మొగుడే. నీకు మరిది. వదిన మాట జవదాటడని ఊరంతా తెలుసు."

"నువ్వే ముందు వచ్చావు. వచ్చి, 'అక్కా, బట్టల క్లిప్పులున్నాయా' అన్నావు."

"క్లిప్పులడిగితే పలకరించినట్టా? అంతకుముందే నువ్వు పైనుంచి 'వాన పడేలా ఉంది' అన్నావు."

"అది వానతో అన్నాను."

"అయ్యో, పాలు" అని కోడలు కిందికి పరుగెత్తింది. పాలు పొంగిపోయి, పొయ్యి ఆరిపోయి ఉంది.

మామగారు క్షౌరశాల నుంచి నున్నటి గడ్డంతో, ప్రశాంతంగా తిరిగొచ్చేసరికి ఇంట్లో పై తలుపు, కింది తలుపు రెండూ మూసుకుని ఉన్నాయి. కోడలు ఆయన్ని వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి జరిగింది చెప్పింది. ఆయన ముఖంలో రంగు ఒక్కో మెట్టే దిగింది.

"రెండూ మీరే రాశారు కదా మామయ్యా? ఒకదానికొకటి పొంతన లేకుండా ఎలా?"

"సంతకాలు రెండు కావాలంటే కాపీలు రెండు రాయాలమ్మా" అన్నారు ఆయన, తలుపు వంక చూస్తూ. "ఒకటే రాసుంటే ఆ యుద్ధం ఇప్పటికీ నడుస్తుండేది. నేను అబద్ధమేం రాయలేదు. అవతలివాళ్ళే ముందు పలకరించారని ఇద్దరూ చెప్పారు. ఎవరి మాట వాళ్ళ కాపీలో రాశాను."

"మరి రెండింటి మీదా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి."

"ఎవరి కాపీ వాళ్ళు చదువుకుంటారు, రెండోది చదవకుండా సంతకం పెడతారు. నా ఉద్యోగం మొత్తం దాని మీదే నడిచింది. ఎందుకైనా మంచిదని నాలుగో షరతు పెట్టాను. ఇన్నేళ్ళు కాపాడింది. ఆ ప్రశ్న వేసింది ఎవరమ్మా ఇప్పుడు?"

"బళ్ళో టీచరు."

"చదువులు మరీ లోతుకి పోతున్నాయి" అన్నారు మామగారు నీరసంగా. "నేను చెప్పానని మాత్రం అనకు తల్లీ. కొట్టివేత లేని రాత నాది."

అలా ఆ నిజం కూడా కోడలి నెత్తికే వచ్చింది. చెప్తే మామగారి పరువు పోతుంది, చెప్పకపోతే ఇల్లు పోతుంది. ఇంతకీ బడికి పంపాల్సిన కాగితాలు రెండూ యుద్ధఖైదీల్లా చెరో ఇంట్లో ఉన్నాయి.

మధ్యాహ్నానికల్లా ఆయుధాలు బయటికొచ్చాయి. డాబా తలుపు పెద్దత్తగారి వాకిలి పక్కనుంది. ఆవిడ దానికి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నారు. నీళ్ళ మోటారు స్విచ్చి కింది వసారాలో ఉంది. అత్తగారు దాన్ని కట్టేశారు.

"అత్తయ్యా, ట్యాంకు ఒక్కటే. అది ఖాళీ అయితే మనకీ నీళ్ళుండవు" అంది కోడలు.

"బకెట్లు నింపుకో. యుద్ధమంటే కొంత ఓర్చుకోవాలి."

ఓర్చుకోవడం చంటివాడికి తెలియదు. వాడి గుడ్డలు గంటకోటి తడుస్తాయి. డాబా లేదు, ఎండ లేదు. కోడలు వాటిని కుర్చీల వీపుల మీద ఆరేసింది, కిటికీ చువ్వలకు కట్టింది, చివరికి టీవీ మీద కూడా పరిచింది. తడి గాలికి వాడికి జలుబు చేస్తుందేమోనని మాటిమాటికీ ఒళ్ళు పట్టి చూసింది. వాడికేం కాలేదు, చూసి చూసి ఆమెకే తుమ్ములు మొదలయ్యాయి. మర్నాటి ఉదయం పిడుగు సగం ఆరిన యూనిఫాం వేసుకుంది.

"మేజోళ్ళు తడిగా ఉన్నాయమ్మా."

"సర్దుకో."

"ఆ సిపాయికి కూడా ఇలాగే ఉండుంటుంది" అని సంబరంగా రాసుకుంది పిడుగు. ఆనాడే, అక్కడే రాసిన కాగితానికి ఎక్కువ విలువ అని టీచరు చెప్పారట. అందుకని ఇంట్లో ఎవరు తుమ్మినా రాస్తోంది.

ఆ పిల్లను ఉత్త చేతులతో పంపలేక కోడలు టీచరుకు ఒక చీటీ రాసింది. బడికి చీటీ రాయడం ఆమెకు ఇదే మొదలు. ముందు పెన్సిలుతో రాసి, తప్పులున్నాయేమోనని పెదవులు కదుపుతూ చదివి, ఆ పైన పెన్నుతో దిద్దింది. "టీచరుగారికి నమస్కారం. మా ఇంట్లో యుద్ధం ముగిసిపోయిందనుకుని ఒప్పుకున్నాం. ముగియలేదు. దయచేసి మా అమ్మాయికి వేరేవాళ్ళ యుద్ధం ఇప్పించగలరు." చదువుకున్న మనిషి ఇది చూసి నవ్వుకుంటుందేమోనని రోజంతా దిగులుపడింది.

దిగులుపడాల్సింది దానికి కాదని సాయంత్రం తెలిసింది. భర్త దుకాణం నుంచి పెందలాడే వచ్చాడు. కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. ఆయనకు దూరంగా ఉన్న వస్తువులు కనిపిస్తాయి గానీ, ఇంట్లో జరిగేవి కనిపించవు. తిన్నగా వసారాలోకి వెళ్ళి మోటారు వేశాడు. ట్యాంకు నిండి పొర్లేదాకా వేశాడు. తర్వాత టీవీ మీది గుడ్డల వంక చూసి, "ఏమోయ్, దీనికింత రాద్ధాంతం దేనికి? హాల్లో ఒక తాడు కట్టుకుంటే పోయేదిగా" అని సుత్తి తీసుకున్నాడు.

"ఏవండీ, ఆ గోడకొద్దు, అందులో ఏదో..."

"ఒక్క మేకు."

మేకు దిగింది. గోడ లోపల ఎవరో ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. తర్వాత నీళ్ళు, నిండిన ట్యాంకు బరువుతో, ఆయన కళ్ళజోడును ముఖం మీదినుంచి ఎగరగొట్టాయి. ఆయన రంధ్రానికి అడ్డంగా బొటనవేలు పెట్టాడు. ఇక అక్కడినుంచి కదలడానికి లేదు.

పిలిస్తే ప్లంబరు వెంటనే రావడం మామూలుగా జరగదు. ఆ రోజు వీధి చివర్లోనే ఉన్నాడు, వచ్చాడు. పాదాలు మునిగే నీళ్ళలో నిలబడి గోడనీ, బొటనవేలినీ పరీక్షగా చూశాడు. "పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టెయ్యాలమ్మా. డాబా తాళం ఇవ్వండి."

కోడలు చంటివాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కింది.

"పెద్దత్తయ్యా, తాళంచెవి ఇవ్వండి. పైపు పగిలింది."

"పగిలిందా, పగలగొట్టారా? నా కుళాయిలో ధార సన్నబడింది. నిన్న మోటారు, ఇవాళ పైపూనా?"

"మేకు తగిలిందండీ."

"మేకెందుకు కొట్టారు?"

"దండెం కట్టడానికి."

"ఇంట్లో దండెమేంటి?"

"డాబాకి తాళం వేశారు కదండీ."

తాను వేసిన తాళం ఊరంతా తిరిగి తన కుళాయికే వచ్చి తగలడం పెద్దత్తగారికి నచ్చలేదు. కాస్త మెత్తబడ్డారు. "సరే, ఇస్తాను. మీ అత్తని వచ్చి అడగమను. 'అక్కా, తాళం' అంటే చాలు. అంతకంటే ఏం వద్దు."

కోడలు కిందికి దిగింది.

"నేనా?" అన్నారు అత్తగారు, మంచం మీద కాళ్ళు ముడుచుకుని. "ముందు నేను నోరు తెరిస్తే రేపు అది కూడా లామినేషన్ చేయిస్తుంది. తనే దిగొచ్చి, 'ఇదిగో తాళం' అనమను. తీసుకుంటాను."

"అత్తయ్యా, నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చాయి."

"రానీ. నేను మంచం మీద ఉన్నాను."

కోడలు మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఇంట్లో రాయబారమంటే ఇటు వెళ్తే అటు దెబ్బ, అటు వెళ్తే ఇటు దెబ్బ. చంటివాడికి మాత్రం ఈ ఎక్కడం, దిగడం ఆటలా ఉంది, ఆగితే ఏడుస్తున్నాడు. గోడ దగ్గరినుంచి భర్త, "నాకు వేలు తిమ్మిరెక్కింది, ఎవరో ఒకరు ముందు మాట్లాడండి" అంటున్నాడు. ప్లంబరు పనిముట్ల సంచిని నెత్తిన పెట్టుకుని, "నేను పైపుకి అతుకు వెయ్యడానికి వచ్చానమ్మా, ఇంటికి కాదు" అన్నాడు. మామగారు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని, ఒళ్ళో అట్ట వేసుకుని, "తాళంచెవి అప్పగింత పత్రము" అని శీర్షిక రాసి కింద గీత గీస్తున్నారు. "కంగారు పడకమ్మా, రెండు కాపీలు రాస్తున్నా."

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో నిలబడ్డారు. సన్నటి మనిషి, భుజాన గుడ్డసంచి, చెప్పులు చేతిలో. "మీ చీటీ చదివి ఉండలేకపోయానమ్మా" అన్నారు సోషల్ టీచరు, కళ్ళు మెరుస్తుంటే. "ముగియని యుద్ధం దొరకడం ఎంత అరుదో మీకు తెలియదు. నా కోసం ఆపకండి. కానివ్వండి."

కోడలికి భూమి చీలితే బాగుండుననిపించింది. ఆ భూమి నీళ్ళ కింద ఉంది.

బయటి మనిషి వచ్చేసరికి పైనుంచి పెద్దత్తగారు నాలుగు మెట్లు దిగారు. కిందినుంచి అత్తగారు మంచం దిగి నాలుగు మెట్లెక్కారు. టీచరు మెట్ల మొదట్లో నిలబడి పిడుగు పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పి, "అద్భుతం" అన్నారు. తర్వాత తల పైకెత్తి, పాఠం చెప్పే గొంతుతో, అసలు అడగకూడని ప్రశ్న అడిగారు. "అయితే ముందు పలకరించిందెవరు?"

"తను" అన్నారిద్దరూ ఒక్కసారే.

"అమ్మా, నా వేలు" అన్నాడు భర్త.

ఇన్నేళ్ళ కాపురంలో కోడలు ఆ ఇంట్లో గొంతెత్తింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు. చంటివాణ్ణి తీసుకెళ్ళి టీచరు చేతుల్లో పెట్టింది. మామగారి ఒళ్ళోంచి అట్టనీ, వేళ్ళ మధ్యనుంచి కలాన్నీ లాక్కుంది. ఆ కలం ఇంకొకరి చేతిలో ఆయన ఎప్పుడూ చూడలేదు. నడిమెట్టు అరుగు మీద కూర్చుని, పెద్ద పెద్ద అక్షరాలతో, పెన్సిలు లేకుండా తిన్నగా కలంతోనే రాసింది. రాసింది రాసినట్టు చదివింది.

"ముందు పలకరిస్తున్నది కోడలు. అప్పుడూ కోడలే, ఇప్పుడూ కోడలే. ఈ ఇంటికి నేను రాకముందు జరిగిన దాంట్లో కూడా ముందు పలకరించింది నేనే. తప్పంతా నాదే. తాళంచెవి ఇవ్వండి." కింద సంతకం పెట్టింది.

పెద్దత్తగారు చెయ్యి చాచి కాగితం తీసుకున్నారు. జబ్బు చీటీ చూసినట్టు పైనుంచి కిందికి చదివారు. నడుములోంచి తాళంచెవి తీసి ప్లంబరు మీదికి విసిరారు. అతను ఇంకో షరతు వచ్చేలోపు మెట్లమీద మాయమయ్యాడు.

"ఏం రాసిందక్కా? ఇలా పట్టు, నాకు కనిపించట్లేదు" అన్నారు అత్తగారు, తనకు తెలియకుండానే.

"తప్పంతా తనదేనని ఒప్పుకుంది" అన్నారు పెద్దత్తగారు, తనకూ తెలియకుండానే.

"మరి? చెదలని చెప్పిందెవరు? తనేగా."

"ఆ అబద్ధం ఆడకపోతే నేను కడ్డీ దగ్గరికే వెళ్ళను."

"మేకు కొట్టేటప్పుడు పక్కనే ఉండి ఆపలేదు చూడు."

"పాలు కూడా పొంగబెట్టింది నిన్న. నాకు పైదాకా మాడు వాసనొచ్చింది."

"నీకూ వచ్చిందా? నేను అదే అనుకున్నానక్కా."

ఇద్దరి తలలూ ఆ కాగితం మీద ఒకటయ్యాయి. పైన వాల్వు బిగిసింది, గోడలో నీళ్ళు ఆగాయి. భర్త బొటనవేలు తీసి, అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు. ఈ రెండింటిలో సంధి ముందు కుదిరిందా, నీళ్ళు ముందు ఆగాయా అన్నది పిడుగు పుస్తకంలో కూడా స్పష్టంగా లేదు.

మర్నాడు డాబా తలుపు బార్లా తెరిచి ఉంది. కోడలు తడిసిన దుప్పట్లు మోసుకుంటూ వెళ్ళేసరికి ఎండ దండెం కింద రెండు కుర్చీలు వేసుకుని, తోటికోడళ్ళిద్దరూ టీ తాగుతున్నారు. "ఆ నీడ దండెం మీద వేసుకోమ్మా, ఇక్కడ మేం కూర్చున్నాం" అన్నారు.

మామగారు కొత్త ఒప్పందం రాశారు. ఇద్దరూ ఈసారి రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూసి మరీ సంతకాలు చేశారు. ఒక్క అక్షరం తేడా రాలేదు. ఆయన వృత్తి జీవితంలో అంత నిజాయితీగల పత్రం ఇంకోటి లేదు. అది ఇలా మొదలవుతుంది: "ఈ గొడవ యావత్తూ కోడలు తెచ్చిపెట్టినది అయినందున..."

వారం చివర్లో బళ్ళో ప్రదర్శన జరిగింది. పిడుగు కాగితాలకు నడుమ గోడంతా ఇచ్చారు. పాత కాపీలు రెండూ ఒకటి కలరా ఉండల వాసనతో, ఒకటి ప్లాస్టిక్కు మెరుపుతో పక్కపక్కనే ఉన్నాయి. కొత్త ఒప్పందం వాటి కింద ఉంది. అన్నిటికంటే పైన, తడికి సిరా కాస్త పాకిన పెద్ద అక్షరాలతో కోడలి కాగితం ఉంది. టీచరు కింద ఎర్ర సిరాతో రాశారు: "ఆధారాలు చాలా బాగున్నాయి. శాంతి నిలుస్తుందన్న నమ్మకం లేదు." తల్లిదండ్రులు ఆగి ఆగి చదువుతుంటే కోడలు కొంగలా మెడ చాచి, తన కాగితంలో అక్షరదోషం ఏదైనా ఉందా అని వెనకనుంచి వెతికింది. లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ సంగతి రెండు మూడుసార్లు గుర్తొచ్చింది.

కొన్నాళ్ళ తర్వాత ఒక ఉదయం ఆమె పాలు పొయ్యి మీద పెట్టి, చంటివాడి గుడ్డలు పిండుతోంది. డాబా మీద ఇద్దరూ దేనికో పకపకా నవ్వుతున్నారు. పిడుగు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కొత్త పాఠం. యుద్ధం అసలు ఎలా మొదలైంది అని. మన ఇంటిదే కావాలన్నారు టీచరు. మొట్టమొదట ఎండ దండెం ఎవరు ఆక్రమించారో నానమ్మనీ, పెద్దనానమ్మనీ విడివిడిగా అడిగి, ఇద్దరి దగ్గరా కాగితాలు తీసుకోవాలి. ఇది నువ్వే చెయ్యాలమ్మా. నాన్నకి రాదు."

నాన్నకి రాదు. ఆ మాట వినాలని ఆమె ఏడాదికి పైగా కాచుకుని ఉంది. చేతిలోని గుడ్డ అలాగే పట్టుకుని, ఆ మాటను తనివితీరా ఇంకోసారి మనసులో చెప్పుకుంది. పైనుంచి మళ్ళీ నవ్వు వినిపించింది. పొయ్యి మీద పాలు అంచు దాకా వచ్చి ఉన్నాయి.

కోడలు మంట తగ్గించి, "నాకు రాదులే, నాన్నని అడుగు" అంది.